చుట్టాల కార్డు

నేను ఆయిస్టర్ కార్డుని. లండన్‌లో రైలూ బస్సూ ఎక్కడానికి వాడే నీలం ప్లాస్టిక్ ముక్కని. మా వంశం 2003లో పుట్టింది. నా ఒంట్లో బ్యాటరీ లేదు. స్టేషన్ గేటు మీదున్న పసుప్పచ్చ పలకకి ఆనిస్తే, అది పంపే తరంగాల శక్తితోనే లోపలి చిప్పు మేలుకుని, లెక్క అప్పజెప్పి మళ్ళీ నిద్రపోతుంది.

ఒకప్పుడు ఊళ్ళో ఎవరి జేబు తడిమినా మేమే. 2014లో మెట్రో గేట్ల దగ్గర బ్యాంకు కార్డు కూడా చెల్లడం మొదలైంది. ఇక ఊరివాళ్ళు చాలామంది మమ్మల్ని పక్కన పడేశారు. ఇప్పుడు ఫోను చూపించి దాటిపోతున్నారు. నేనున్నది ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగువారింట, వంటింటి సొరుగులో. ఇండియా నుంచి చుట్టాలు దిగితేనే నాకు బయటి గాలి. మన బ్యాంకు కార్డుని ఇక్కడ గీకితే విదేశీ లావాదేవీ అని అదనంగా పట్టుకుంటారేమోనన్న భయమే నాకు అన్నం పెడుతోంది.

మొన్న వేసవిలో ఆ ఇంటి అమ్మాయి తల్లిదండ్రులు గుంటూరు నుంచి వచ్చారు. హీత్రోలో నన్ను పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన గేటు దాటి, వెనక్కి చెయ్యి చాపి నన్ను ఆవిడకి అందించారు. "నువ్వూ దీంతోనే వచ్చెయ్." ఎర్రదీపం వెలిగింది. మొగుడూ పెళ్ళాలైనా సరే, మనిషికో కార్డు ఉండాల్సిందే. "ఆగండి నాన్నా, అమ్మది నా దగ్గరుంది" అంటూ అమ్మాయి బ్యాగు వెతుక్కుంది.

ఆ పిల్ల తెలివైంది. పికడిల్లీ లైనులో తీసుకొచ్చి, బారన్స్ కోర్టులో దింపి, అదే ప్లాట్‌ఫారానికి అవతలి వైపు వచ్చే డిస్ట్రిక్ట్ లైను రైలెక్కించింది. అది నేరుగా ఈస్ట్ హామ్ వస్తుంది. రైలు మారడానికి మెట్లెక్కే పనే లేదు. ఆవకాయ జాడీలున్న పెట్టెలతో దిగేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి!

పెద్దాయన్ని ముప్పుతిప్పలు పెట్టింది మాత్రం మెట్రో పటం. 1933లో జనం చేతికొచ్చిన ఆ పటాన్ని గీసిన హ్యారీ బెక్ డ్రాఫ్ట్స్‌మన్. కరెంటు సర్క్యూట్ గీసినట్టు గీశాడు. ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి, అంతే. నిజం దూరాలతో ఆయనకి పని లేదు. రోజూ రైల్లో పోయేవాళ్ళకి అది వరం. కొత్తవాళ్ళకి, నా ఉద్దేశంలో, పచ్చి మోసం. లెస్టర్ స్క్వేర్‌లో ఎక్కి కోవెంట్ గార్డెన్‌లో దిగేవాణ్ణి చూస్తే చుట్టమని ఇట్టే చెప్పొచ్చు. ఆ రెండిటి మధ్య దూరం 260 మీటర్లు. పైగా కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు వద్దనుకుంటే 193 మెట్లు. మా పెద్దాయన పంతానికి పోయి ఎక్కారు. పైకొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మరో రోజు గ్రీనిచ్‌లో చిన్న రైలు దిగారు. అక్కడ గేట్లుండవు, కార్డు ఆనించే స్తంభాలే ఉంటాయి. అడిగేవాడు లేడు కదా అని దర్జాగా నడిచిపోయారు. దిగినట్టు నాకు తెలియకపోతే నేనేం చేసేది? గరిష్ఠ ఛార్జీ పడింది. రాత్రి అమ్మాయి ఫోన్లో లెక్క చూసి మొత్తుకుంది.

ఎక్కిన చోటూ దిగిన చోటూ తప్ప నడుమ ఏముందో నాకు తెలియదు. సొరంగాల్లో తిరిగే చుట్టాలదీ నా బతుకే. అందుకే నా ఓటు బస్సుకి. డబ్బులు తీసుకోవడం 2014లోనే మానేశారు కాబట్టి ఎక్కేటప్పుడు నన్ను ఒకసారి ఆనించాలి. దిగేటప్పుడు అక్కర్లేదు. ఈ మాట నమ్మక పెద్దాయన మొదట్లో జనాన్ని తోసుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్ళేవారు. మొదటి బస్సులో ఆనించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒక్క టికెట్టే. ట్రాఫిక్ కనికరిస్తే, ఈస్ట్ హామ్‌లో 115 ఎక్కి, ఆల్డ్‌గేట్ దగ్గర 15కి మారి, అదే డబ్బుతో ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా పోవచ్చు. మేడ మీద ముందు సీటు దొరికిందా, లండన్ టవర్, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్ వరసగా వచ్చి నిలబడతాయి.

టవర్ కనబడగానే పెద్దాయన లేచి నిలబడేవారు. "మన కొల్లూరు వజ్రం అందులోనే ఉందే! కోహినూరు!"

"చూసొద్దామా మరి?"

"టికెట్టు ఎంతో తెలుసా? మన వస్తువు చూడ్డానికి మనం డబ్బులు కట్టాలా? కూర్చో."

తిరుగు ప్రయాణం నాటికి నాలో ఇంకా కొన్ని పౌండ్లు మిగిలాయి. వాపసు తీసుకోమన్నారాయన. అక్కర్లేదు నాన్నా, వాటికి గడువు లేదు, వచ్చే నెల మా అత్తగారూ మామగారూ వస్తున్నారుగా అంది అమ్మాయి.

పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఏమండీ, విమానం సాయంత్రమేగా? మళ్ళీ ఆ 15 నంబరు బస్సెక్కి వద్దాం, లేవండి."