తెప్ప కడుపులో నేను

తెర మీద రంగులు చూపించే పెట్టెనే అందరూ సోనార్ అంటారు. అది నా నోరు మాత్రమే. అసలు పనిమంతుణ్ణి నేను, తీగ చివరనుండే నల్ల బిళ్ళను. నా లోపలిది పింగాణీ జాతి ముక్క. కరెంటు తగిలితే అదురుతుంది, ఆ అదురే నా కేక. కేక సముద్రం అడుగుకో చేపల గుంపుకో తగిలి తిరిగొస్తే, మళ్ళీ కరెంటు పుట్టిస్తాను. మా వంశానికి మూలపురుషుడు ఫ్రాన్సు శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ తీయడానికి మమ్మల్ని పుట్టించాడు. చేపల వేటగాళ్ళ చేతికి అందించినవాళ్ళు జపాన్‌లోని ఫురునో సోదరులు, 1948లో.

నేనొచ్చి పడింది కోనాడకు, చంపావతి నది సముద్రంలో కలిసే చోటికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బిగింపులకు అదే అదను. రామతీర్థం నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. బోరు మోటార్లు బాగుచేసే కుర్రాడు. నన్ను తిన్నగా అమరంలో, ఇంజను పక్కన పెట్టబోయాడు.

"అక్కడెట్టకురా గుంటడా, పంకా బుడగలు కక్కుతాది" అన్నాడు తెప్ప గలాయన.

"అయితే అడుగున కన్నం పెట్టేద్దునా తాతా?"

"తెప్ప కన్నా ముందు నా గుండి ములిగిపోద్ది!"

చివరికి తెప్ప లోపలే అతికించాలని తేలింది. గట్టి ఫైబర్‌ను దాటి నా కేక పోగలదు. గాలిని మాత్రం దాటలేదు. తేలడానికి థర్మాకోల్ నింపిన అరల మీద పెడితే నేను శుద్ధ చెవిటిని. కుర్రాడు తెలివైనవాడు. తెప్పను మొగలోని నీళ్ళలోకి దింపించి, ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, అందులో నన్ను ముంచి, అడుగున అక్కడా ఇక్కడా ఆనించి చూశాడు. తెర మీద నేల గీత నిలకడగా వచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, జిగురు పోసి, ఒక్క బుడగ మిగలకుండా తిప్పితిప్పి నొక్కాడు. నా తీగను ఇంజను తీగలకు ఎడంగా లాగి పెట్టెకు తగిలించి, పెట్టెను 12 వోల్టుల బ్యాటరీకి కలిపాడు.

నిషేధం తీరాక నాకు అసలు పరీక్ష. పెద్దాయన సీసం గుండు కట్టిన తాడు వదిలి, బారలు కొలిచి, "పదిహేను" అన్నాడు. తెర 27 మీటర్లంది. కుర్రాడు వేళ్ళ మీద లెక్కేసి "రెండూ ఒకటే తాతా" అన్నాడు. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. తాడు దిగేలోపు నేను ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో!

చేపను విల్లులా వంచి చూపిస్తాను గానీ, అది కానాగంతో కవ్వో చెప్పలేను. అది పెద్దాయనే చెప్పాలి. ఏ దిక్కుకు పోవాలన్నదీ నా పని కాదు. అందుకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలున్నాయి. నేను తెప్ప కింది సంగతే ఎరుగుదును.

నన్ను కొనేవాళ్ళకు ఒక్క మాట. జిగురు డబ్బా మూత తీయకముందే నీళ్ళ సంచితో పరీక్షించండి. అతికాక నన్ను ఊడదీయడం మీ తరమూ కాదు, నా తరమూ కాదు.