కందకంలోకి దిగిన హెచ్చార్

సేల్స్ కుర్రాళ్లను కమాండోలన్నారు, ఊరుకున్నాం. నెలాఖరు టార్గెట్లు లెక్కపెట్టుకునే గదిని వార్ రూమ్ అన్నారు, సరే అనుకున్నాం. ఇప్పుడు సిపాయిల జోకుల మీద పడ్డారు. చావు తప్పించుకోవడం గురించి సైనికులు తమలో తాము చెప్పుకున్న మాటలు, అడవుల్లోంచీ బురద గుంతల్లోంచీ నోటినోటా బతికి బయటపడ్డవి, హైటెక్ సిటీ శిక్షణ తరగతుల్లో స్లైడ్లెక్కి కూర్చున్నాయి. ప్రతి జోకు కిందా ‘మీరు నేర్చుకోవాల్సింది’ అని ఓ నీలం పెట్టె. ఆ పెట్టె చదివితే, తూటా తప్పించుకున్న సిపాయి సైతం సిగ్గుతో చచ్చిపోతాడు.

‘నీకంటే ధైర్యవంతుడితో ఒకే గుంతలో దాక్కోకు’ అంటాడు సిపాయి. పతకం వాడికి, తూటా నాకూనా అని దాని భావం. నీలం పెట్టెలో మాత్రం ‘హై పెర్ఫార్మర్ల పక్కనే ఉండండి’ అని ఉంటుంది. అయిదు సెకన్ల గ్రెనేడ్ మూడు సెకన్లకే పేలుతుందన్నది టైమ్ మేనేజ్‌మెంట్ కిందికి పోయింది. 1942లో బర్మాలో ఒళ్లంతా తూటాలు దిగిన సైనికాధికారి మానెక్‌షా, ఏమైందని డాక్టరు అడిగితే కంచరగాడిద తన్నిందన్నాడని చెప్పుకుంటారు. అది పాజిటివ్ యాటిట్యూడ్‌ట.

ప్రష్యా సేనాని మోల్ట్కేకి జరిగింది మరీ అన్యాయం. శత్రువుతో తొలిసారి తలపడ్డాక ఏ పథకమూ అనుకున్నట్టు సాగదని రాసినవాడు ఆయనే. 1870లో ఫ్రాన్స్ మీదికి సైన్యాన్ని నడిపించడానికి ఏ రైలు ఎక్కడ ఎప్పుడు ఆగాలో ముందే పద్దు రాయించినవాడూ ఆయనే. పథకమన్నదే వేసుకోకుండా ప్రాజెక్టు మొదలెట్టినవాళ్లు ఇవాళ ఆయన పేరు చెప్పి తప్పించుకుంటున్నారు.

వీటన్నిటినీ క్షమించొచ్చు. టెండరు స్లైడును క్షమించడం కష్టం.

‘నీ చేతిలో ఉన్న ఆయుధం అందరికంటే తక్కువ రేటు కోట్ చేసినవాడు తయారుచేసిందని మరిచిపోకు.’ మన దగ్గర ఎల్-వన్ అంటే చాలు, రోడ్ల కాంట్రాక్టు చూసిన ప్రతివాడికీ అర్థమవుతుంది. దీని కింద నీలం పెట్టెలో ఉన్నది ‘పరిమిత వనరులతో విజయం’. ఉన్నదాంతో సర్దుకో, సణగకు అని సారాంశం.

అలా సర్దుకోమంటే ఏమవుతుందో చూడండి. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సిపాయిలకు ఎమ్-16 రైఫిల్ ఇచ్చారు. దానికి పెద్దగా శుభ్రం చేసే పని ఉండదని ప్రచారం చేశారు. చాలామందికి శుభ్రం చేసే సామగ్రే అందలేదు. తుపాకీని ఒక రకం మందుతో పరీక్షించి, తూటాల్లో ఇంకో రకం నింపారు. కొత్త మందుతో మసి పెరిగింది, కాల్పుల వేగమూ పెరిగింది. ఆ దేశపు తేమలో తుప్పు పట్టకుండా ఛాంబర్‌కి వేయాల్సిన క్రోమ్ పూతా వేయలేదు. ఇంకేముంది, కాల్చిన తూటా తొడుగు లోపలే ఇరుక్కుపోయేది. శత్రువు ఎదురుగా ఉండగా సిపాయి శుభ్రం చేసే కడ్డీ దూర్చి దాన్ని పొడుచుకుంటూ కూర్చోవాలి, ఆ కడ్డీ అంటూ ఉంటే.

అలా పొడుచుకుంటూనే చనిపోయిన తోటివాళ్ల గురించి సిపాయిలు ఇళ్లకు ఉత్తరాలు రాశారు. పైనుంచి వచ్చిన మొదటి జవాబేమిటి? మీరు సరిగ్గా శుభ్రం చేసుకోవడం లేదు! చివరికి 1967లో అమెరికన్ కాంగ్రెస్‌లో ఇకోర్డ్ ఉపసంఘం కూర్చుని, తూటాల లోపం సరిదిద్దని సైన్యాధికారుల తీరు దాదాపు నేరపూరిత నిర్లక్ష్యమేనని తేల్చింది. ఈ గొడవ రేగాకే క్రోమ్ వచ్చింది, సామగ్రి వచ్చింది. తుపాకీని ఎలా చూసుకోవాలో చెప్పే బొమ్మల పుస్తకం కూడా, కార్టూనిస్టు విల్ ఐస్నర్ గీసినది, 1968లో వచ్చింది.

ఇప్పుడు ఆ నీలం పెట్టె మళ్లీ చదవండి. ఉన్నదాంతో గెలవాలట! ఎంత ధైర్యం ఉంటే ఆ మాట రాస్తారు? సిపాయి ఆ జోకు వేసింది తన ఓర్పు చాటుకోవడానికా? పాడైన తుపాకీ తన చేతికిచ్చినవాణ్ని తిట్టడానికి. అధికారిని ముఖాన అంటే కోర్ట్ మార్షల్, అందుకని నవ్వులో చుట్టి అన్నాడు. ఈ జోకులన్నీ కిందివాడు పైవాడి మీద వేసిన నేరారోపణలు. ఈ శిక్షకులు చేసిందల్లా ముద్దాయి పేరు కొట్టేసి, శిక్షను తెచ్చి ఫిర్యాదుదారుడి నెత్తిన పెట్టడం. ఉద్యోగులను కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పించడానికి కంపెనీలు డబ్బులిస్తున్నాయి. ఎందుకివ్వవు?

‘మనవాళ్ల కాల్పులు మనవాళ్లని చూసుకోవు’ అన్న మాటనైతే రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఈమెయిల్ తగాదాలకు వాడుతున్నారు. 2019 ఫిబ్రవరి 27న బడ్గాంలో మన క్షిపణే మన ఎమ్ఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. వైమానిక దళం వాళ్లు ఆరుగురు, నేల మీద ఓ స్థానికుడు పోయారు. అది పెద్ద తప్పేనని ఆ అక్టోబరులో వైమానిక దళాధిపతి భదౌరియా స్వయంగా ఒప్పుకున్నారు. సీసీలో పై అధికారిని పెట్టడమూ, ఇదీ ఒకటేనా?

సిపాయి నవ్వు పైవాళ్లకు ఎప్పుడూ గిట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో కార్టూనిస్టు బిల్ మాల్డిన్ గీసిన విల్లీ, జో గడ్డాలు పెరిగిపోయి, బురద కొట్టుకుపోయి, అధికారులను చూస్తే నీరసించిపోయే సిపాయిలు. జనరల్ ప్యాటన్ 1945లో ఆ కుర్రాణ్ని పిలిపించి చీవాట్లు పెట్టాడు. మాల్డిన్ వాళ్లకు గడ్డం గీయలేదు. ఆ ఏడే పులిట్జర్ తెచ్చుకున్నాడు. ప్యాటన్ చేతకాక వదిలేసిన క్షవరం మన పవర్‌పాయింట్ వీరులు పూర్తిచేశారు.

శిక్షణ అయ్యాక అందరికీ ఓ ఫారం పంచుతారు, దాని పేరు ‘ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ’. అదీ అమెరికన్ సైన్యం నుంచి తెచ్చిందే. అక్కడ అభ్యాసం ముగిశాక అందరూ కూర్చుంటారు. హోదాలు పక్కనపెట్టి, కమాండర్ ఎక్కడ తప్పాడో సిపాయి కూడా చెప్పొచ్చు. ఇక్కడ ఎవరైనా ఆ ఫారంలో, గంటకోసారి ఆగిపోయే ల్యాప్‌టాప్‌లు ఎవరు కొన్నారని రాసి చూడాలి. అప్రైజల్‌లో ‘మైండ్‌సెట్ మారాలి’ అని వస్తుంది. కొన్నవాడే దాని మీద సంతకం పెడతాడు.