భూగర్భ గృహస్థుడు

ఇల్లు కట్టుకొన్నవాడు గృహప్రవేశమునకు తొందరపడుట లోకసహజము. కట్టిన ఇంటికి నిత్యము రంగులు పూయుచు, వచ్చినవారికెల్ల దానిని త్రిప్పి చూపించుచు, ప్రవేశముహూర్తము మాత్రము ఎంత వెనుకకు జరిగిన అంత మేలని తలచు గృహస్థుడు ఒక్కడే కలడు. అతడు న్యూజీలాండు ఉత్తరద్వీపమందలి రోటొరువా పట్టణమున, తన శవపేటికను తానే చేసికొనుచున్న పింఛనుదారు. ఆ పట్టణము ఉష్ణకుండములకును గంధకపు వాసనకును ప్రసిద్ధి. కాలిక్రింద నేల నిత్యము ఆవిరులు క్రక్కుచుండగా కాపురము చేయువారికి భూగర్భమునెడ కొంత చనవు ఏర్పడుట వింత కాదు.

2010వ సంవత్సరమున ఆ పట్టణముననే కేటీ విలియమ్స్ అను ఆమె, మరణాసన్నులకు పరిచర్య చేసిన పూర్వపు నర్సు, ఎన్నెన్నో అంత్యక్రియలకు వెళ్లి, పోయినవారు బ్రతికిన తీరునకును అక్కడ జరుగు తంతునకును ఏమాత్రము పొత్తు లేకుండుట చూచి విసిగి, తన కారుషెడ్డులో శవపేటికల సంఘమును నెలకొల్పెను. తాము చేయునవి చవకైన, చక్కని భూగర్భపు సామానులని సంఘమువారే నవ్వులాడుదురు. తరువాత ఇట్టి సంఘములు ఆ దేశమందలి ఇతర పట్టణములలోను, బ్రిటనులోను వెలసినవి.

మన గృహస్థుడు తాను పొదుపు కొరకే ఆ సంఘమున చేరితినని చెప్పును. అంత్యక్రియల వ్యాపారి ధర వినినచో బ్రతికియున్నవానికే ప్రాణము పోవునని ఇతని వాదము. కాని పలకలలో మిగిల్చిన ధనమంతయు రంగు డబ్బాలకును, పట్టుగుడ్డ అస్తరునకును, పిడులకును ధారపోసినాడని ఇతని భార్య లెక్కచూపగలదు. ఆ పేటిక తమ ఇంటి షెడ్డునాక్రమించిననాటి నుండి ఆమె కారు వానలో నిలుచుచున్నది. “మీరు పోయిన తరువాత పనికివచ్చు దానికొరకు, మీరుండగానే నా కారు తడవవలెనా?” అని ఆమె అడిగినచో, ఇతడు కళాకారుని ఔదాసీన్యముతో కుంచెను నీటిలో కడుగుకొనును.

కొలతలనాటి ఇతని గాంభీర్యము చూడదగినది. బల్లమీద వెల్లకిల పండుకొని, చేతులు రొమ్ముమీద చేర్చి, కన్నులు మూసికొని, అంతలో ఒక కన్ను తెరచి, “భుజములయొద్ద రెండంగుళములు వదులుంచుము; క్రిస్మసునకు నేను కొంచెము లావెక్కుదును” అనును. టేపు పట్టిన వృద్ధమిత్రుడు, “పొట్ట బిగబట్టకుము, ఆనాడు నీకా ఉపాయము చెల్లదు” అని మందలించును. ఈ శాస్త్రచర్చ టీ వచ్చువరకు సాగి, కేకు వచ్చునప్పటికి సమసిపోవును.

ప్రక్కబల్లవాడు తన పేటికకు ఎల్విస్ ప్రెస్లీ బొమ్మలు అతికించెను. దానికి దీటుగా ఇతడు మూతమీద రోటొరువా సరస్సును, అందొక పడవను, పడవచెంత తాను పట్టిన ట్రౌటు చేపను చిత్రించెను. మొదట జానెడుండిన ఆ చేప, చూచినవారు “ఎంత పెద్దది?” అని అడిగిన ప్రతిసారియు కుంచెడు రంగు తాగి పెరిగి, ఇప్పుడు పడవనే మ్రింగుటకు సిద్ధముగా నున్నది.

ఆ పేటికకు లోపమొక్కటే. అనుభవించునాడు యజమాని చూడలేడు; చూడగలిగినన్నాళ్లు అనుభవింపలేడు. ఈ చిక్కు తీర్చుకొనుటకే ఇతడు అతిథులను పిలుచుచు, మూత ఎత్తి చూపుచు, నాడు వినరాని ప్రశంసలను నేడే వడ్డీతో వసూలు చేసికొనుచుండును. సంస్మరణోపన్యాసమును గూడ తానే వ్రాసి, కొడుకునకు వ్యాకరణము చాలదని తానే చదివి వినిపించును. మనదేశమున సన్న్యాసము పుచ్చుకొనువాడు తన శ్రాద్ధమును తానే పెట్టుకొని ఇల్లు విడుచును. ఇతడో, ఉత్తరక్రియల ఏర్పాట్లన్నియు ముగించుకొని వేళకు భోజనమునకు ఇల్లు చేరును.

ఐనను ఇతనిని వట్టి వేషగానిగా నెంచరాదు. ఆ సంఘమువారు కన్నుతెరువకయే పోయిన పసికందులకు చిన్నచిన్న పేటికలు చేసి ఆసుపత్రికి ఉచితముగా నిత్తురు. ఆ పని చేయునాడు ఇతడు చేప ఊసెత్తడు. ఉప్పుకాగితముతో అంచు రుద్ది, బొటనవ్రేలితో తడవి చూచి, నునుపు చాలలేదని మరల రుద్దును. దానిమీద తన పేరు గాని, తన పనితనమునకు మెచ్చుకోలు గాని ఇతడు కోరిన జాడ లేదు.

తన పేటిక మాట వేరు. చావునకు జంకనని నలుగురిలో చాటు ఈ ధీరుడు ఒక్క ప్రశ్నకు మాత్రము పాలిపోవును. సంఘములో ఎవరైనను, తమ పేటిక ముగియకముందే, హఠాత్తుగా కన్నుమూసినచో మిత్రులు ఇతనివైపు తిరిగి, “నీది సిద్ధముగా నున్నది కదా! ప్రస్తుతమునకు దానినిచ్చి, నీవు నిదానముగా వేరొకటి చేసికొనరాదా?” అని అడుగుదురు. ఇతడు చేపవంక చూచి, గుటకవేసి, “ఇయ్యకేమి? కాని రంగింకను ఆరలేదు” అనును. ఆ మాట అబద్ధము కాకుండుటకై, ఇంటికి పోవుచు దారిలో మరియొక రంగు డబ్బా కొనుక్కొని పోవును.