డబ్బాలో రాయి

ఒంగోలు రోడ్డు మీద ఆ బడివాళ్ల ఫ్లెక్సీ చూశారుగా. తెల్లకోటు తొడిగి, ముక్కు మీంచి జారిపోయే కళ్లజోడు పెట్టిన నాలుగేళ్ల బుడ్డోడు. కింద 'ఆడుతూ పాడుతూ సైన్స్'. కోటుకు వేరే, కిట్టుకు వేరే కట్టాలన్న ముక్క రాయడానికి చోటు చాల్లేదు కాబోలు.

ఆ బడిలో చదివే మా మనవడికీ సైన్స్ కిట్టు వచ్చింది. చేతికి కాదు లెండి, బడిలో అద్దాల బీరువాలోకి. తాళంచెవి ప్రిన్సిపాలు దగ్గర. ఫొటోలు తీసేరోజు తెరుస్తారు. దాని పేరు 'హ్యాండ్స్ ఆన్'. పిల్లలు మాత్రం చేతులు కట్టుకునే కూర్చోవాలి.

పేరెంట్స్ మీటింగులో బతిమాలి ఒక డబ్బా తెరిపించాను. గడికొక రాయి. మూడో గడిలో చీటీ: గ్రానైట్. చీమకుర్తిలో! గడప రాయి, అరుగు రాయి, ఆ బడి నేల, ఆఖరికి సమాధి పలక కూడా ఏ రాయో తెలిసిన ఊళ్లో! లారీలకు లారీలు రాయి ఓడరేవుకు తోలుకుంటూ, అగ్గిపెట్టెంత ముక్కను కొరియర్‌లో తెప్పించుకున్నాం.

పైగా ఆ ముక్క లేత గులాబీ రంగు. మన చీమకుర్తి 'గెలాక్సీ' రాయేమో నలుపు, మీద బంగారు చుక్కలు. "తాతా, మరి మనది గ్రానైట్ కాదా?" అన్నాడు వాడు.

కాదురా. భూగర్భశాస్త్రం లెక్కన అది గాబ్రో జాతి. గ్రానైట్ అనేది వ్యాపారం పెట్టిన పేరు. ఆ చుక్కలు బంగారమూ కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం, వెలుతురు తగిలితే మెరుస్తుంది. ఇదంతా ఉత్సాహంగా చెప్పబోతే టీచరమ్మ, "మాన్యువల్లో లేదండీ" అంది.

మర్నాడు వాడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని మన రాతిముక్క ఒకటి జేబులో వేసుకుపోయాడు. చెత్త తెచ్చాడని లాక్కుని, మోకాళ్ల మీద నిలబెట్టారు.

ఇక నాకు నవ్వు రావడం లేదు. వాడు చూశాడు, అనుమానపడ్డాడు, పోల్చబోయాడు. శాస్త్రవేత్త అంతకన్నా ఏం చేస్తాడు? అందుకు శిక్షా? వాడి పక్క బెంచీ పిల్లల నాన్నలు క్వారీల్లో రాతిదుమ్ము మింగి తెచ్చిన కూలి డబ్బులు పోసి కొన్న తెల్లకోటయ్యా అది! ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చెప్పే డబ్బా ఒక్కటి తెప్పించండి చూద్దాం.

బొమ్మలతో సైన్స్ చెప్పే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో పిల్లలకు రేఖాగణితం చూపించాడు. దానికి బీరువా ఎందుకు? అడిగితే 2020 జాతీయ విద్యావిధానం అంటారు. వీలైనంతవరకు అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క ఏ ఫ్లెక్సీ మీదా కనపడదేం?

వచ్చే ఏడు ఎల్‌కేజీకి రోబోటిక్స్ అట. వాడికింకా చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు.

మొన్న టర్మ్ ఫీజు కట్టడానికి వెళ్లాను. ప్రిన్సిపాలు బల్ల మీద రసీదులు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా, పైన మావాడి రాతిముక్క.