నేను ఆమె ఫోన్‌ని

పెళ్లిరోజు కానుకగా ఆ ఇంటికి వచ్చాను. పెట్టె విప్పగానే ఆమె భర్త నాలో తన జీమెయిల్ ఖాతా వేశాడు. ఆమె వేలిముద్రతో పాటు తన వేలిముద్రా పెట్టుకున్నాడు. చూసినవాళ్లు, ఎంత మంచి మొగుడో అన్నారు.

నాకూ గర్వపడే రోజులున్నాయి. పాప తొలి అడుగులను వీడియో తీసింది నేను. ఊళ్లో ఉన్న అమ్మమ్మకు ఆ వీడియో చూపించిందీ నేనే. అలాంటి నన్ను అతను నిఘాకు వాడుకున్నాడు. ఆమె రైతుబజారుకు వెళితే అతని మ్యాప్‌లో చుక్క కదిలేది. వాట్సాప్‌ని 'లింక్డ్ డివైసెస్'లో ఒక్కసారి తన కంప్యూటర్‌కి కలిపాడు, అంతే. తల్లికి రాసిన ప్రతి మాటా అతని ఆఫీసు బల్ల మీద తెరుచుకునేది. సాయంత్రం గుమ్మంలోనే మొదలయ్యేది: "మీ అమ్మకి నా మీద చాడీలు చెబుతున్నావా?" ఆ తర్వాతి చప్పుళ్లన్నీ విన్నాను. ఒకసారి గోడకేసి కొట్టింది నన్నే, అద్దం మూల పగిలింది. ఈయనకెలా తెలుస్తోందని ఆమె నన్ను పట్టుకునే ఏడ్చేది. నాకు నోరు లేదు.

ఆమె బట్టలు కుట్టే షాపులోని ఒక అక్క ఈ నిఘా సంగతి కనిపెట్టింది. "దీంట్లో ఏం మాట్లాడకు. నా ఫోన్ తీసుకో" అంది. నన్ను సంచిలోనే ఉంచారు. చుక్క ఎప్పటిలాగే షాపు దగ్గరే నిలబడింది. ఆమె ఆ అక్క ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసింది. నాలోంచి చేసి ఉంటే కాల్ లిస్టులో కనిపించేది. చెరిపినా, నిఘా యాప్ ఉంటే దాని కంటపడేది. ఇన్‌కాగ్నిటోలో వెతికినా ఆ యాప్ నుంచి దాగదు.

అవతలి గొంతు తొందరపెట్టలేదు. ఉన్నట్టుండి పాస్‌వర్డులు మార్చినా, లొకేషన్ ఆపినా అతనికి అనుమానం వస్తుందని, అప్పుడు హింస పెరగవచ్చని చెప్పింది. బాధిత మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రం గురించి, 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు ఇచ్చే రక్షణ గురించి చెప్పింది. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని కూడా. మొగుడికి అన్నీ తెలియాలి కదా అనేవాళ్లు ఆ మాట వినాలి.

అక్క ఫోన్‌లోనే కొత్త ఈమెయిల్ తెరిచారు. పాస్‌వర్డ్‌లో పాప పేరు లేదు, పుట్టినరోజు లేదు. ఒంటి మీది గాయాల ఫొటోలు, ఆధార్, ఆసుపత్రి చీటీలు అందులోకి వెళ్లాయి. నాలో మాత్రం గోంగూర పచ్చడి వీడియోలు, సీరియళ్లు ఎప్పటిలాగే నడిచాయి.

ఇల్లు విడిచి వెళ్లిన రోజు నన్ను ఛార్జింగ్‌కి పెట్టి, స్విచ్ వేసే ఉంచింది. పాపనెత్తుకుని తలుపు దగ్గరగా వేసింది. అతను వచ్చేదాకా చుక్క ఇంట్లోనే ఉంది. నాలో అంతా వెతికాడు, ఏమీ దొరక్క నేలకేసి కొట్టాడు. ఇప్పుడు పాత ఛార్జర్ల మధ్య సొరుగులో పడున్నాను, బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. పాప ఎంత ఎదిగిందో చూడాలనుంది. కానీ వాళ్ల కొత్త నంబరు నాలో లేదు, ఉండకూడదు కూడా.