దిక్కుమాలిన చుట్టు

గాల్లోకి కరెంటు రవ్వలు చిమ్మే టెస్లా కాయిల్ కడుతున్నానని ఎవరితోనైనా అనండి. పైపు ఎంతదని అడగరు, ఎర్త్ రాడ్ పాతావా అని అడగరు. "సవ్యంగా చుట్టావా, అపసవ్యంగానా?" అంటారు. దాంతో మనవాడు తద్దినం మధ్యలో జంధ్యం ఏ భుజం మీదుండాలో మరిచిపోయిన కర్తలా బిక్కచచ్చిపోతాడు.

మా ఎదురింటి ఇంజనీరింగ్ కుర్రాడు నాలుగంగుళాల పీవీసీ పైపు మీద ఎనామిల్ తీగ వెయ్యి చుట్లు చుట్టాడు. లెక్కేస్తే దాదాపు 345 మీటర్లు. మూడు రాత్రులు పట్టింది. తీరా స్విచ్ వేస్తే పైనున్న రింగు నుంచి చీమ తలకాయంత రవ్వైనా రాలలేదు. తెలిసినవాళ్లు వచ్చి చూశారు. ప్రైమరీ, అంటే కింది రాగి గొట్టం చుట్టు, ఎడమకీ, సెకండరీ, అంటే పైపు మీది తీగ చుట్టు, కుడికీ తిరిగాయట. ఆలుమగలు ఎడమొహం పెడమొహంగా ఉంటే కాపురం సాగుతుందా అని తేల్చేశారు. ఒకాయనైతే "మనం భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాం గనక..." అని మొదలెట్టాడు. వాస్తు దాకా రాకముందే నేను లేచొచ్చేశాను.

అసలు సవ్యమంటే ఎటునుంచి చూస్తే? కింది నుంచి పైకి ఎక్కే ఒకే చుట్టు, బల్ల కింద పడుకుని చూసేవాడికి సవ్యమైతే, కుర్చీ ఎక్కి చూసేవాడికి అపసవ్యం. పోనీ పైపు తలకిందులు చేద్దామా అంటే మర మారదు. బోల్టు తిరగేసి పట్టుకుంటే ఎడమమర అవుతుందా? పైగా ఇలాంటి కాయిల్‌లో కరెంటు 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగుతుందనుకోండి, సెకనుకి నాలుగు లక్షల సార్లు వెనక్కి మళ్లుతుంది. అలా పరుగులు తీసేవాణ్ణి ఆపి "బాబూ, నీ మొహం ఎటు?" అని అడుగుతున్నాం. చుట్టు దిశ మారిస్తే సెకండరీ వోల్టేజి ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయి. రవ్వ వెంట్రుకవాసి పెరగదు.

దిశ పట్టింపు ఉన్న చోట్లు లేకపోలేదు. సెకండరీ నుంచే సంకేతం అందుకుని నడిచే ట్రాన్సిస్టర్ కాయిల్, ప్రైమరీ తిరగబడితే మొండికేస్తుంది. దానికి మందు ప్రైమరీ కొసలు రెండూ అటుదిటు మార్చడమే, అర నిమిషం పని. ఒకే పైపు మీద సగం ఇటూ సగం అటూ చుడితే మాత్రం మొదటి సగం కట్టిందాన్ని రెండో సగం కూల్చేస్తుంది. టెస్లా 1894లో చుట్టే తీరు మీదే ఒక పేటెంటు పుచ్చుకున్నాడు. అందులో ఆయన తాపత్రయమంతా పక్కపక్క చుట్ల మధ్య వోల్టేజి తేడా పెంచి, కాయిల్‌కే కెపాసిటర్ గుణం తెప్పించడం గురించి. కుడీ ఎడమల పంచాయితీ కాదు.

కాయిల్‌కి కావలసింది శ్రుతి. ప్రైమరీ, కెపాసిటర్ కలిసి ఊగే వేగమూ, సెకండరీ, పై రింగు కలిసి ఊగే వేగమూ ఒకటి కావాలి. ప్రైమరీ రాగి గొట్టం మీద క్లిప్పుని చుట్టు చుట్టుకీ జరుపుతూ చూడాలి. జరిపిన ప్రతిసారీ కరెంటు తీసెయ్యాలి, కెపాసిటర్‌ని ఖాళీ చెయ్యాలి. విసుగు పని. దిక్కు గురించి వాదించడానికైతే లేచి నిలబడనక్కర్లేదు.

మా కుర్రాడు వెయ్యి చుట్లూ విప్పి, ఎదురు దిశలో మళ్లీ చుట్టాడు. తిరిగి బిగించేటప్పుడు క్లిప్పు ఎనిమిదో చుట్టు నుంచి ఆరో చుట్టుకి జారింది. జానెడు రవ్వ చటచటలాడింది! ఇప్పుడు జూనియర్లకి చుట్టు దిశ ఉపదేశిస్తున్నాడు. క్లిప్పు సంగతేమిటని అడిగితే, "అదా, ఊరికే వైరు ఊడకుండా" అంటాడు.