టైరు గోడు

బడి పుస్తకాల్లో ఘర్షణను దొంగను చూసినట్టు చూస్తారు. శక్తిని తినేస్తుందట, యంత్రాలను అరగదీస్తుందట, నూనె పోసి దాన్ని తగ్గించాలట. నేను లారీ టైరును. ఆ ఘర్షణే నాకు కూడు పెట్టింది. వానాకాలం బురదలో దిగబడ్డ లారీని చూశారా? ఇంజను ఎంత అరిచినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పట్టు దొరక్కపోతే మా బతుకు అంతే.

నా పుట్టుకలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. రబ్బరు, గంధకం, నల్లటి కార్బన్ పొడి, ఉక్కు తీగలు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు గంధకం కిటుకు దొరక్కపోయుంటే మా జాతి ఎండకు జిగురుముద్ద అయ్యేది.

వెనక ఇరుసుకు బిగించారు నన్ను. నేను రోడ్డును వెనక్కి నెడితే రోడ్డు నన్ను ముందుకు నెట్టేది. 1687లో న్యూటన్ అచ్చు వేయించిన మూడో సూత్రం మాకు రోజువారీ కూలిపని. ఇంకో సంగతి చెబితే నమ్మరు. బండి ఎనభైలో దూసుకుపోతున్నా, నేలకు ఆనిన నా ముక్క మాత్రం ఆ క్షణాన దాదాపు కదలకుండానే ఉంటుంది. మనిషి అడుగు మోపి ఎత్తినట్టే. బ్రేకు గట్టిగా తొక్కి చక్రం బిగుసుకుపోయిందో, ఇక ఈడ్చుకుపోవడమే. జారేటప్పుడు పట్టు తగ్గుతుంది, స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు.

మొదట్లో నన్ను బాగానే చూశారు. క్లీనరు కుర్రాడు రాడ్డుతో కొట్టి, మోత విని గాలి సంగతి చెప్పేవాడు. బటన్ల సందుల్లో ఇరుక్కున్న రాళ్లను స్క్రూడ్రైవరుతో తీసేవాడు. తర్వాత ఓనరుకు ఆశ పెరిగింది. లోడు మీద లోడు. ఓసారి కట్టు సరిగా లేని ఇనుప కడ్డీలు ఎక్కించారు. బ్రేకు వేస్తే బండి ఆగింది, కడ్డీలు ఆగలేదు, కేబిన్ వెనక గోడను పొడుచుకుని లోపలికొచ్చాయి. న్యూటన్ మొదటి సూత్రానికి ఓనరు, డ్రైవరు అన్న తేడా ఏం తెలుస్తుంది? అదృష్టం బాగుండి మనుషులకేం కాలేదు.

బటన్లు అరిగితే రీబటన్ చేయించారు. అదీ అరిగింది. బటన్ల మధ్య ఆ గాడులు ఉన్నది అందం కోసం కాదు, కింద చేరిన నీళ్లను పక్కకు తోసేయడానికి. నున్నగా అయ్యాక వానలో నీటి మీద తేలిపోయాను, లారీ మలుపు తప్పి చేలో దిగింది. అందరూ ఒకటే మాట: ‘టైరు మోసం చేసింది.’

తర్వాత షెడ్డు వెనక పడేశారు. ఏ వైపు తిప్పినా నాలో వాన నీరు నిలిచేది, అందులో డెంగీ దోమలు గుడ్లు పెట్టేవి. మున్సిపాలిటీ వాళ్లు వచ్చినప్పుడల్లా తిట్లు నాకే. నన్నక్కడ పడేసినవాణ్ని ఒక్కరూ అడగలేదు. ఎండలు, వానలు గడిచాయి. పగుళ్లు వచ్చాయి. ఒక కుక్క మాత్రం నా నడుమ ముడుచుకుని పడుకునేది.

ఇప్పుడు విశాఖ చేపల రేవులో ఒక బోటు పక్కన వేలాడుతున్నాను. బోటు జెట్టీని ఎంత గుద్దితే జెట్టీ బోటును అంతే గుద్దుతుంది. మధ్యలో నేను నలిగి ఆ దెబ్బను కొంతసేపు సాగదీస్తాను, అందుకే చెక్క పగలదు. మొన్న సరంగు నన్ను చూసి, ఇది మరీ పాతదైపోయింది, కొత్తది కడితే బాగుణ్ణు అన్నాడు. కొత్త టైరును బోటుకు కట్టేవాడెవడయ్యా!